భక్త్యావేశము, దాని ఫలము

హృదయము చలింపని విశ్వాసము విశ్వాసమే కాదనియు, అయినను కన్నీరొక్కటియే దైవకృపకు నిదర్శనము కాజాలదనియు, యథార్థభక్తికి ప్రధానలక్షణము ఆచరణమే యనియు అమెరికా క్రైస్తవ వేదపండితుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో భక్తిభావములను గూర్చిన తన గ్రంథమున నిరూపించెను. దీనికి సాక్ష్యము వెదకుటకు మా మదనపల్లె వారు దూరము పోనక్కరలేదు: 1863లో ఇచ్చటికి వచ్చి, సువార్తతోపాటు ఔషధమును పంచి, తెలుగు బైబిలు సవరణకై శ్రమించి, 1908లో ఈ ఊరనే కన్నుమూసిన జేకబ్ చేంబర్లేన్ దొరగారిని, పిదప క్షయరోగులకై పలు మిషనులు కలిసి నెలకొల్పిన ఆరోగ్యవరము చికిత్సాలయమును తలచుకొన్న చాలును.

పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడునపుడు నా కన్నులు చెమర్చును, అందులకు సిగ్గుపడను. కూటములలో స్వరము హెచ్చినకొలది ఆత్మావేశము హెచ్చెనని భ్రమించుట ప్రమాదమే. కాని, దాచనేల, సిద్ధాంతపండితులు సామాన్యుల ఆనందబాష్పములను చూచి ముఖము చిట్లించుటయే నన్నెక్కువగా బాధించుచున్నది.