ఇంటి ముందు తార్రోడ్డు మనదే!

అమెరికాలో కొడుకింటికో కూతురింటికో మొదటిసారి వచ్చిన నాన్నగార్లు కారు దిగగానే కిందికి చూసి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ రోడ్డు ఎవరు వేశారోయ్?" గరాజు తలుపు నుంచి వీధి దాకా ఉన్న ఆ నల్లటి ముక్క, అంటే డ్రైవ్‌వే, మనదే, పగిలితే బాగు చేయించుకోవాల్సిందీ మనమే అంటే వాళ్లకి ఓ పట్టాన నమ్మకం కుదరదు. మనూళ్లో గేటు దాటితే రోడ్డు మునిసిపాలిటీది కదండీ. గుంట పడితే కౌన్సిలర్ని నాలుగు తిట్టుకుని లోపలికొచ్చేస్తాం. ఇక్కడ తిట్టుకుందామన్నా మనిషి లేడు.

అసలు అమెరికాలో ఈ తారు బాగోతం మొదలైంది మనవాళ్లు దండిగా ఉన్న న్యూజెర్సీలోనే. ఎడ్వర్డ్ డి స్మెట్ అనే బెల్జియం రసాయన శాస్త్రవేత్త 1870లో న్యూవార్క్ సిటీ హాలు ముందు ఆస్ఫాల్టు రోడ్డు వేయించాడు. 1876లో వాషింగ్టన్‌లోని పెన్సిల్వేనియా ఎవెన్యూకి ట్రినిడాడ్ దీవిలో సహజంగా ఊరే తారు చెరువు నుంచి సరుకు తెచ్చి పరిచారు. వీధికి వచ్చిన ఆ భోగం తర్వాత్తర్వాత ఇళ్ల ముంగిళ్లకీ వచ్చింది.

సరే, చరిత్ర పక్కన పెడదాం. మీ డ్రైవ్‌వేలో ఉన్నదేమిటి? తూకంలో నూటికి 95 పాళ్లు కంకర, ఇసుక. వాటిని పట్టి ఉంచే జిగురు 5 పాళ్లో ఇంకాస్తో, అంతే. ఎండకీ గాలికీ ఆ జిగురు ఏడాదికేడాది ఎండి, పెళుసెక్కుతుంది. నలుపు కాస్తా బూడిద రంగుకి దిగుతుంది. తర్వాత సన్నటి బీటలు. అక్కణ్ణించి కథ నీళ్ల చేతిలోకి వెళ్తుంది. ఆవకాయ జాడీకీ డ్రైవ్‌వేకీ శత్రువు ఒకటే: తడి. బీటలోకి దిగిన నీరు చలికాలంలో గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, బీటని వెడల్పు చేస్తుంది. కరిగి ఇంకాస్త కిందికి దిగుతుంది, మళ్లీ గడ్డ కడుతుంది. ఒహాయో, మిషిగన్, న్యూజెర్సీల్లో ఒక్క చలికాలంలోనే ఈ తంతు ఎన్నోసార్లు జరుగుతుంది. ఏప్రిల్లో మంచు పోయాక చూస్తే మీ కారు చక్రం కింద చిన్నపాటి గుంట.

అందుకే డ్రైవ్‌వేకి సీలింగ్, అంటే పైన సీలర్ పూత, చేయించేది. పక్కింటివాళ్లది నిగనిగలాడుతోందని మనమూ పూయించడం చాలామంది ఇళ్లలో జరిగే పనే. కాదనను. కానీ ఆ నలుపు పైపై సంబరం. పూత అసలు పని ఎండనీ నీటినీ లోపలికి పోనివ్వకపోవడం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతటవే తేలతాయి.

మొదటి లెక్క: బీటలు ముందు, పూత తర్వాత. పావంగుళానికి మించిన సందులన్నిటిలోంచీ గడ్డి పీకి, మట్టి ఊది, క్రాక్ ఫిల్లర్ నింపాలి. సీలర్ పల్చటి పొర, పెద్ద సందుని అది పూడ్చలేదు. కారు నూనె కారిన మరకలు కడిగి ప్రైమర్ వేయకపోతే అక్కడ పూత పట్టదు, పెచ్చులూడుతుంది. ఇక మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలిన చోటుందంటే అది పైన వచ్చిన జబ్బు కాదు. కింద కంకర పునాదే కుంగింది. అక్కడ తవ్వి మళ్లీ వేయించాల్సిందే. దాని మీద పూత పూస్తే పైన పటారం, లోన లొటారం.

రెండో లెక్క: తొందరొద్దు. కొత్తగా వేసిన డ్రైవ్‌వేకి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలి. అప్పుడు కూడా ఏటేటా కాదు, రెండు మూడేళ్లకోసారి చాలు. పొర మీద పొర పేరుకుంటే ఆ పూతే పగులుతుంది.

మూడోది వాతావరణం. రాత్రి కూడా 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగకూడదు, పూశాక కనీసం ఒక రోజు వాన పడకూడదు. ఒక్క మందపాటి పూత కన్నా రెండు పల్చటివి మేలు. ఐదు గ్యాలన్ల బకెట్టు సుమారు 350 చదరపు అడుగులకి వస్తుంది. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అయిదు పొడవు ఉంటే రెండు పూతలకి నాలుగు బకెట్లు. తర్వాత ఒకటి రెండు రోజులు కారు వీధిలోనే. ఆ రెండు రోజుల్లో పేరంటాలు పెట్టుకోకండమ్మా, వచ్చినవాళ్ల చెప్పులతో పాటు తారు కూడా మీ కార్పెట్ మీదికొస్తుంది. ముగ్గు కూడా తడారాకే.

కొనేటప్పుడు బకెట్టు మీద ఏం రాసి ఉందో చదవండి. బొగ్గు తారుతో చేసిన సీలర్‌లో క్యాన్సర్ కారకాలు ఎక్కువ. అరిగిన దుమ్ము వాగుల్లోకి చేరుతోందని టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2005లోనే దాన్ని నిషేధించింది. 2011లో వాషింగ్టన్ రాష్ట్రమూ అదే పని చేసింది. పిల్లలు సుద్దముక్కలతో బొమ్మలు గీసే చోటిది. ఆస్ఫాల్టు ఎమల్షన్ రకమే తీసుకోండి.

ఇంకొక్క మాట. వేసవి మొదలవగానే లారీ ఆపి, తలుపు కొట్టి, "పక్క వీధిలో పని చేశాం, సరుకు మిగిలింది, సగం ధరకే పూస్తాం, ఇప్పుడే చెప్పాలి" అనేవాళ్లు వస్తారు. వాళ్ల బకెట్లో సీలర్ పాలెంతో నీళ్ల పాలెంతో మొదటి వానకి గానీ బయటపడదు, అప్పటికి లారీ ఊరు దాటి ఉంటుంది. మొహమాటపడి ఒప్పుకున్నా, ఇంటి గుమ్మంలో కుదిరిన 25 డాలర్లూ ఆపైన బేరాన్ని మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన మీకిచ్చింది. రాతపూర్వకంగా కాగితం లేనిదే, లైసెన్సు చూపనిదే ఎవరికీ సరేననకండి.

ఇంతకీ బకెట్టు కొనే ముందు పైసా ఖర్చులేని పని ఒకటి చేయండి. ఈసారి జోరున వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికొచ్చి, చూరు గొట్టంలోంచి దిగే నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. డ్రైవ్‌వే మీదికే పోతుంటే ముందు ఆ గొట్టాన్ని గడ్డి వైపు తిప్పించండి. సీలర్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.