వలంధర రేవు దగ్గర పాత ఇల్లు

మా నాన్న రిటైర్‌మెంటుకి రెండేళ్ల ముందు నరసాపురంలో ఓ పాత ఇల్లు కొన్నారు. వలంధర రేవుకి రెండు వీధులు ఇవతల. ఐదు సెంట్ల స్థలం, మండువా లోగిలి, పెరట్లో నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు. మధ్యాహ్నం పూట ఆ వీధిలో లేసు అల్లుకుంటూ అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు తప్ప ఎవరూ కనబడరు.

ఆ రేవుకి ఆ పేరెలా వచ్చిందో చాలామందికి తెలీదు. వలందులు అంటే హాలండు వాళ్లు, డచ్చి కంపెనీ మనుషులు. 1600ల్లో మచిలీపట్నం నుంచి పాలకొల్లు, నరసాపురం దాకా వాళ్ల గిడ్డంగులుండేవి. ఇక్కడి నేత బట్ట కోసం వచ్చారు, ఇక్కడే ఓడలు కట్టించుకున్నారు. 1824 ఒప్పందం ప్రకారం మర్నాడు సంవత్సరం అన్నీ ఇంగ్లీషు వాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు. పేరు మాత్రం వశిష్ఠ గోదారి ఒడ్డునే ఉండిపోయింది.

అమ్మకి ఈ ఇల్లు బొత్తిగా ఇష్టం లేదు. భీమవరంలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూసిపెట్టుకుంది. "మండువా లోగిలి అని మీరంతా రీల్సు చూసి మురిసిపోతారు. వాన పడితే ఇంటి మధ్యలో నీళ్లు. అర్ధరాత్రి బాత్రూంకి పెరట్లోకి టార్చి పట్టుకుని వెళ్లాలి. తుడిచేది ఎవరు?" అంది. ఈ మాట న్యాయం. మండువా ఇళ్ల మీద కవిత్వాలు రాసినవాళ్లలో చీపురు పట్టినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. లోపల బాత్రూం కట్టించాకే గృహప్రవేశం అని నాన్న చేత మాట తీసుకుంది.

నేను సివిల్ మూడో సంవత్సరం కాబట్టి ఇల్లు చూసే పని నాకిచ్చారు. గోడలు గానుగ సున్నంతో కట్టినవి, మూరెడు మందం. పైన బెంగుళూరు పెంకులు, టేకు దూలాలు. నాలుగు వాసాలు చెదకి పోయాయి గానీ దూలాలు మోగుతున్నాయి, అంటే గట్టివే. గోడలకి మోకాలి ఎత్తు దాకా చెమ్మ, దాని మీద ఉప్పు. పదేళ్ల కింద ఎవరో చెమ్మ ఆపుదామని సిమెంటు ప్లాస్టరింగు చేయించారట. అదే కొంప ముంచింది. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన తేమని బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల ఇరుక్కున్న తేమ ఇంకా పైకెక్కుతుంది. మా తాపీ మేస్త్రీ ఏ పుస్తకమూ చదవకుండానే, "ఆయ్, గోడకి రెయిన్‌కోటు తొడిగారండి బాబూ, లోపల చెమటపట్టి చస్తంది" అన్నాడు.

పగుళ్లు మూడు ఉన్నాయి. అవి పాతబడి ఆగిపోయినవా, ఇంకా కదులుతున్నాయా అన్నది తేలాలి. మనది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఒక్కో పగులుకి అడ్డంగా సన్న అద్దం ముక్క అతికించి, మీద తారీఖు రాశాను. గోడ కదిలితే అద్దం పగులుతుంది. జనవరిలో అతికించాను.

నెదర్లాండ్స్‌లో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఈ ఫొటోలు చూసి నవ్వాడు. ఐంధోవెన్‌లో తనూ ఓ పాత ఇల్లు చూస్తున్నాడట. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్లు చెక్క స్తంభాల మీద నిలబడి ఉంటాయి కాబట్టి పునాది సంగతే ముందు అడుగుతారట. ఇంకో మంచి పద్ధతి కూడా చెప్పాడు. కొనేవాడు అగ్రిమెంటు మీద సంతకం పెట్టాక మూడు రోజుల్లోగా మనసు మార్చుకోవచ్చు, చట్టమే ఆ గడువిస్తుంది. మాకు అంత సుఖం ఎక్కడిది! అడ్వాన్సు ఇచ్చాక మూడు నెలల గడువు, అది దాటితే ఏమవుతుందో దేవుడికెరుక.

అసలు చిక్కు గోడల్లో లేదు, కాగితాల్లో ఉంది. ఇల్లు ఒక పెద్దాయన 1971లో తన సంపాదనతో కొన్నది. ఆయనా భార్యా పోయారు, వీలునామా లేదు. ఇద్దరు కొడుకులు హైదరాబాదులో ఉంటారు. వాళ్లే బేరం ఆడారు. కూతురు తణుకులో ఉందని మాకు ఇరుగుపొరుగు చెబితేనే తెలిసింది. బ్రోకరుని అడిగితే, "ఆవిడ పెళ్లి 1983లో అయిపోయిందండి. ఎన్టీఆర్ చట్టం వచ్చింది 85 నించి. ముందు పెళ్లయినవాళ్లకి వాటా లేదు. బంగారం పెట్టి పంపేశారు" అన్నాడు.

సగం తెలిసిన చట్టం కన్నా అసలు తెలియకపోవడమే నయం. మా లాయరుగారు విడమరిచి చెప్పారు. ఆ సవరణ పిత్రార్జితానికి సంబంధించినది, ఆ పెళ్లి షరతుని కూడా 2005 సవరణ తీసేసింది. ఈ ఇల్లు స్వార్జితం. వీలునామా లేకుండా పోతే 1956 చట్టం నాటి నుంచే కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా ఉంది. ఆవిడ సంతకం లేకపోతే మీరు కొనేది మూడింట రెండు వంతుల ఇల్లే అన్నారు.

మా నాన్న లెక్కల మేస్టారు. "మూడుని రెండుతో భాగించి శేషం లేదంటే ఎలా నమ్ముతాంరా?" అన్నారు. ఆ ఆదివారమే తణుకు వెళ్లాం.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. కాఫీ ఇచ్చి, చాలాసేపు ఇంటి గురించే అడిగారు. నూతి పక్క సన్నజాజి పందిరి ఉందా అన్నారు. లేదండి అన్నాను. "మా తమ్ముళ్లు అమ్ముతున్నాం అని ఫోన్లో చెప్పేరండి మేస్టారూ. అమ్మమంటావా అని మాత్రం అడగలేదు. అడగడానికి వచ్చింది మీరే" అన్నారు. తర్వాత గొంతు సర్దుకుని, "సంతకం పెట్టనని కాదు. దస్తావేజులో మూడో వంతు నాదని రాయించండి. డబ్బు నా ఖాతాలోనే పడాలి. తర్వాత ఎవరికి ఇచ్చుకుంటానో నా ఇష్టం" అన్నారు.

ఈ మాట చేరవేయగానే తమ్ముళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. నెలన్నర. బ్రోకరు, వేరే పార్టీ ఉంది, అపార్టుమెంటు కట్టేవాళ్లు, వాళ్లకి ఇలాంటి పట్టింపులు లేవు అని బెదిరించాడు. అడ్వాన్సు డబ్బు నాన్న పీఎఫ్ లోంచి తీసింది. ఆ నెలన్నరా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. "సంతకం లేకుండానే కొనేద్దామా?" అని ఒక రాత్రి నాన్నే అన్నారు. ఇల్లు వద్దన్న అమ్మే, "ఆవిడ్ని చూసొచ్చేక కూడానా?" అంది.

బ్యాంకు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. వాల్యుయేషనుకి వచ్చినాయన స్థలానికే విలువ కట్టి, కట్టడానికి దాదాపు సున్నా వేశాడు. లోను తగ్గింది, అమ్మ గాజులు రెండు తాకట్టుకి వెళ్లాయి.

ఆఖరికి పెద్ద తమ్ముడు దిగొచ్చాడు. ఎందుకో మాకు చెప్పలేదు. ఏప్రిల్లో రిజిస్ట్రేషను. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం కట్టాం. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆవిడ వేలిముద్ర మెషీన్ మీద రెండుసార్లు పడలేదు. చిన్న తమ్ముడు లేచి, తన జేబురుమాలుతో అక్క వేలు తుడిచాడు. మూడోసారి పడింది.

ఇప్పుడు సిమెంటు చెక్కేసి సున్నం పూయిస్తున్నాం. బాత్రూం లోపల కట్టడం అయింది, గాజులు ఇంకా రాలేదు. నేను అతికించిన అద్దాల్లో రెండు అలాగే ఉన్నాయి. నూతి వైపు మూలది మాత్రం మొన్న ఆషాఢం వానలకి పగిలింది. వచ్చే వారం అక్కడ పునాది తవ్వి చూడాలి.