కోహీరు బజారులో ఆలుగడ్డ

ఇరవై యేళ్లుగా తెలుగు పాఠం చెబుతున్న నాకు, బంగాళాదుంపలు అడిగి కొనటం చేతకాదని కోహీరు వెళ్లేదాకా తెలియలేదు.

కోహీరు జామపండ్లకు పేరు. కోస్తే లోపల యెర్రగా వుండే ఆ పండుకోసమే జనవరిలో ఒక ఉదయం హైదరాబాదులో బస్సెక్కాను. వెంట మా మేనల్లుడు. వాడికి టెక్సాసులో వుద్యోగం, సెలవుకు వచ్చాడు.

పండ్లు కొన్నాక, గోనెపట్టామీద మన్ను వదలని దుంపలు పోసుకున్న ఒక ముసలమ్మ కనబడింది.

"బంగాళాదుంపలు యెంతమ్మా?" అన్నాను.

ఆమె పక్క కుప్ప చూపించి, "గివా?" అన్నది. చివరికి వేలుపెట్టి చూపవలసి వచ్చింది.

"ఆలుగడ్డలా! గట్లనరాదు సారూ!"

ఇంతలో ఒకాయన కన్నడంలో బేరమాడితే ఆమె కన్నడంలోనే ధర చెప్పింది. ఇంకొకామెకు వుర్దూలో చెప్పింది. 1956 దాకా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోదే గదా! తరువాత మెదకు జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. బేరాల భాష మాత్రం అలాగే వున్నది.

మావాడు పకపక నవ్వాడు. వాడు స్పానిషు నేర్చుకున్న పుస్తకం స్పెయిను దేశానిదట. అందులో ఈ దుంప 'పటాటా'. టెక్సాసులో మెక్సికోవారి దుకాణంలో అలా అంటే వాళ్లూ నవ్వారట. వాళ్లకది 'పాపా'. పెరూ కొండల క్వెచువా భాషలోని మాట అది. దాన్నే చివర ఒత్తి పలికితే 'నాన్న' అని అర్థం!

"రెండు పౌన్ల నాన్న కావాలని అడిగాను మామయ్యా!" అన్నాడు.

మనవాళ్లేం తక్కువా? చిత్తూరువైపు ఉర్లగడ్డ, మా కోస్తాలో బంగాళాదుంప, ఇక్కడ ఆలుగడ్డ. మరాఠీవారి బటాటా పోర్చుగీసువారు తెచ్చిన మాట.

వాడు నవ్వుతున్నా నాకు నవ్వు రాలేదు. కిందటేడు ఒక విద్యార్థి తన వూరిమీద వ్యాసం రాస్తూ 'ఆలుగడ్డ చేను' అన్నాడు. యెర్రసిరాతో కొట్టేసి, పైన 'బంగాళాదుంప' అని దిద్ది, రెండు మార్కులు తగ్గించాను. ఆ అబ్బాయిది ఈ ప్రాంతమే. కాగితం అందుకుని వూరుకున్నాడు. తరువాతి వ్యాసంలో చేను వూసే లేదు. ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో వున్నాడు. సోమవారం పిలిపించాలి.

"ఇంకో కిలో ఎయ్యన్నా?" అన్నది ముసలమ్మ.

"వెయ్యమ్మా, ఆలుగడ్డలు ఇంకో రెండు కిలోలు."

ఆమె తూచి, పక్క కుప్పలోనుంచి ఒక కందగడ్డ కొసరుగా సంచిలో పడేసింది. దాన్ని మా యింట్లో చిలగడదుంప అంటారు.