గుడిమెట్ల రాయి

తొలకరి పడితే చాలు, మా చందర్లపాడు పక్కన గుడిమెట్లలో జనం తల వంచుకుని నడుస్తారు, వజ్రం దొరుకుతుందేమోనని. మెరిసిన గులకరాయినల్లా కొంగుతో తుడిచి ఎండకు పట్టి చూస్తారు.

ఎరిక్ ఫ్లింట్ నవల ‘1632’ చదువుతుంటే ఆలోచన ఎటెటో తిరిగి వాళ్ల దగ్గరికే వచ్చింది. అందులో ఓ అమెరికా ఊరు 1631 నాటి జర్మనీలో వచ్చి పడుతుంది. యూదు వైద్యుడి కూతురు రెబెక్కా ఆ ఊరి నాయకుణ్ణి పెళ్లాడుతుంది. నిజమైన జర్మనీలో యూదు అమ్మాయికి అలాంటి పెళ్లి అంత తేలికా? అప్పటి యూదుల బతుకు వేరు. హాంబర్గ్ యూదు నగల వ్యాపారి భార్య గ్లికెల్, భర్త పోయాక, 1691లో యిడ్డిష్‌లో తన కథ మొదలెట్టింది: 14 మంది పిల్లలు, అప్పులు, సంతలు, ముత్యాల బేరాలు. అప్పట్లో యూరప్ చేరిన వజ్రాలు దాదాపు అన్నీ మన దేశానివే. మా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనికి పెద్ద పేరు. గ్లికెల్ అరచేతిలో మా ఏటి రాయొకటి మెరిసిందనుకుంటే? అలాంటి నవల వస్తే ముందు నేనే కొంటాను.