మాయాలోకాలు చదివే పిల్లలు

“హజ్రత్, మంత్రగాళ్ల నవలలు చదవవచ్చా?” అని మా మదరసా విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. సెలవుల్లో వారు ఫోన్లలోనే నవలలకు నవలలు చదివేస్తున్నారు.

కథను కథగానే చెప్పినప్పుడు అది ఎవరినీ మోసగించదని మేము సమాధానమిస్తాము. పైగా ఇది మనకు పరాయి సాహిత్యమేమీ కాదు. 1883 నుంచి లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం సంపుటాలుగా వెలువరించిన ఉర్దూ ‘తిలిస్మె హోష్‌రుబా’ నిండా మాయావులే, మాయానగరాలే. అందులోని అమర్ అయ్యార్ సంచిలో లోకాలే ఇమిడిపోతాయి. నేడు ఆ గ్రంథమంతా పిల్లవాడి ఫోనులో ఇమిడిపోతోంది. చత్వారం వచ్చిన మా కళ్లకు కూడా అక్షరాలను పెద్దవి చేసుకునే వెసులుబాటు దొరికింది.

మా దిగులు మరొకటి. పూర్వం ఢిల్లీ జామా మసీదు మెట్ల మీద దాస్తాన్‌గో కథ చెబితే పదిమంది కలిసి వినేవారు. పిల్లవాడు ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ నవ్వాడో ప్రక్కనున్న పెద్దలకు తెలిసేది. నేడు అర్ధరాత్రి దుప్పటి చాటున, ఫోను వెలుగులో, వాడు ఏ పుట వద్ద కన్నీరు పెట్టుకున్నాడో తల్లికైనా తెలియదు.

తల్లిదండ్రులారా! ఫోను లాక్కోకండి. రాత్రి దస్తర్‌ఖాన్ వద్ద “కథ ఎంతవరకు వచ్చింది బేటా?” అని అడగండి. వాడు చెబుతాడు, మీరు వినండి. మిగిలిన కథను రేపటికి ఉంచమనండి. నిద్రకూ వేళ మిగులుతుంది.