నేను చంపిన సీతాకోకచిలుకలు



మన హాస్టల్ వెనక తోటలో నాలుగు కరివేపాకు మొక్కలున్న సంగతి మీ అందరికీ తెలుసు. పోయిన ఏడాది తోటపని గ్రూపుకి నేనే లీడరుని. వానలు పడ్డాక ఆ మొక్కలకి పురుగు పట్టింది. చిన్నవి పిట్ట రెట్టలా ఉన్నాయి. పెద్దవి పచ్చగా వేలంత ఉన్నాయి. పుల్లతో ముట్టుకుంటే తల మీద ఎర్రటి కొమ్ములు బయటపెట్టి వాసన కొట్టాయి. ఆకంతా తినేస్తున్నాయని నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో పత్తికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి, ఎవరికీ చెప్పకుండా కొట్టేశాను.

మర్నాటికి పురుగులన్నీ రాలిపోయాయి. నేను గొప్పగా చెప్పుకున్నాను. వంట చేసే అక్క విని లబోదిబోమంది. ఆ ఆకే కదా మనందరి సాంబారులో పడేది! వార్డెన్ సారు కొమ్మలన్నీ కొట్టించి గుంటలో పూడ్పించారు. రెండు నెలలు కరివేపాకు లేని చారు తిన్నాం. అది నా వల్లే.

అప్పుడు సైన్సు సారు, "ఒరే, నువ్వు చంపింది సీతాకోకచిలుక పిల్లల్నిరా" అన్నారు. నలుపు మీద లేత పసుపు మచ్చలుండే సీతాకోకచిలుక నిమ్మ, కరివేపాకు, మారేడు లాంటి చెట్ల మీద గుడ్లు పెడుతుందట. తల్లికి పూలలో తేనె చాలు, పిల్లలకి మాత్రం ఆ ఆకే కావాలి. ఎన్ని పూలమొక్కలు నాటినా ఆ ఆకు లేకపోతే పిల్లలు బతకవు.

మన కొండ మీది పులికంప సంగతి కూడా అంతే. దాన్ని 1800ల మొదట్లో పూల అందం కోసం పైదేశం నుంచి తెచ్చారు. ఇప్పుడు అడవంతా అల్లుకుంది. సీతాకోకలు దాని పూల మీద వాలతాయి. కానీ దాని కింద గడ్డి సరిగా మొలవదు, పశువులు తింటే జబ్బు చేస్తుంది. మా తాత చిన్నప్పుడు మేకలు మేపిన వాలులో ఇప్పుడు కాలు పెట్టే సందు లేదు. తోటలో నాటింది తోటలోనే ఉండదని అప్పుడు తెలిసింది.

ఈ ఏడాది మా గ్రూపు ఒక కట్టుబాటు పెట్టుకుంది. మూడు మొక్కలు వంటకి, ఒకటి పురుగులకి. మూడింటి మీద కనబడిన పురుగుని ఆకుతో సహా తీసి నాలుగో దాని మీద పెడుతున్నాం. ఆ మొక్క మోడైంది, మళ్ళీ చిగురేసింది. పోయిన ఆదివారం ఒక గూడు పగిలి సీతాకోక బయటికొచ్చింది. రెక్కలు ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. టిఫిను గంట కొట్టినా లేవలేదు.

కాబట్టి మిత్రులారా, మందు చేత పట్టే ముందు ఆ పురుగు ఏమవుతుందో ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

— 9వ తరగతి, తోటపని గ్రూపు