అహోబిలం దారిలో నా పొరపాటు

ఇల్లు, పిల్లలు, వంట వదిలి రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళాలంటే మన ఆడవాళ్ళకి ఎన్ని సర్దుబాట్లో వేరే చెప్పనక్కరలేదు. కిందటి కార్తీకంలో మా వీధివాళ్ళం పన్నెండు మందిమి కూడబలుక్కుని, ప్రొద్దుటూరు నుంచి వ్యాను మాట్లాడుకుని అహోబిలం వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం మూటగట్టుకుని, పిల్లల్ని వాళ్ళ నాన్నలకి అప్పగించి తెల్లవారకముందే బయల్దేరాం.

అహోబిలం నల్లమల అడవిలో, ఆళ్ళగడ్డకి దగ్గర. ఇదివరకు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి సుమారు 8 కిలోమీటర్లు. అక్కడిదాకా బండి వెళ్తుంది. ఈ కొండల్లో నరసింహస్వామికి తొమ్మిది గుళ్ళున్నాయి. అందులో జ్వాలా నరసింహుడి దగ్గరికి మాత్రం భవనాశి వాగు వెంట, బండరాళ్ళ మీదుగా నడిచే వెళ్ళాలి. ఆ పైన ఉగ్రస్తంభం. హిరణ్యకశిపుడి సభలో స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని చెబుతారు. ఆ ఎక్కుడు ఇంకా కష్టం.

ఎగువ అహోబిలంలో దారి చూపించడానికి ఒక చెంచు పెద్దాయనని మాట్లాడుకున్నాం. ఆయన మమ్మల్నందర్నీ నిలబెట్టి లెక్కపెట్టాడు. "నడవలేని అమ్మ నా వెనకాలే ఉండాల. పక్కకి పోవాలంటే చెప్పి పోవాల. తినేవి చేతిలో పట్టుకోవద్దు, కోతులుంటాయి" అన్నాడు. మేం నవ్వుకున్నాం, బడిపిల్లలకి చెప్పినట్టు చెబుతున్నాడని.

వాగు చల్లగా పారుతోంది. రాళ్ళు నున్నగా, జారుడుగా ఉన్నాయి. గంట నడిచాక నాకు పక్కకి వెళ్ళక తప్పలేదు. మగమనిషికి ఎలా చెప్పేది? పక్కనున్న వదినకైనా చెప్పొచ్చు, అదీ చెయ్యలేదు. చప్పుడు కాకుండా ఒక బండ చాటుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎవరూ లేరు! రెండు దారులు కనిపించాయి. ఏదో ఒకటి పట్టుకుని నడిచాను. కాసేపటికి అది పొదల్లో ఆగిపోయింది. పిలిస్తే వాగు హోరులో నా గొంతు నాకే వినబడలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. పిల్లలు కళ్ళముందు మెదిలారు.

అరగంట తర్వాత ఆ పెద్దాయనే వెతుక్కుంటూ వచ్చాడు. లెక్కపెడితే పదకొండు మందే వచ్చారట. మిగిలినవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ఒక్కడే వెనక్కి వచ్చాడు. నన్నొక్క మాట అనలేదు.

నన్ను చూడగానే మా వ్యాను పెట్టించిన వదిన ఆయన మీద విరుచుకుపడింది. "డబ్బులు తీసుకుని చూసుకునేది ఇట్లేనా? మనిషి తప్పిపోతే ఎవురు జవాబు?" ఆయన నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తప్పు నాదని నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. మంచినీళ్ళు తాగుతున్నట్టు నటించాను.

జ్వాలా నరసింహుడి దర్శనమైతే అయింది గానీ, పొద్దు వాలేలోపు దిగాలని ఆయన ఉగ్రస్తంభానికి ఒప్పుకోలేదు. దానికోసమే వచ్చిన ఇద్దరు చిన్నకోడళ్ళ మొహాలు చిన్నబోయాయి. ఆ మధ్యాహ్నం పులిహోర నాకు గొంతు దిగలేదు.

దిగేటప్పుడు ఆగిన చోట అందరి ముందూ చెప్పేశాను. "వదినా, ఆయన తప్పేం లేదు. నేనే చెప్పకుండా పక్కకెళ్ళాను." వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, పెరుగన్నం ఆకులో పెట్టి, "తినన్నా, తొందరపడి అన్నాను" అని తానే ఆయన చేతికిచ్చింది. "అమ్మ దొరికింది, అంతే చాలు" అన్నాడాయన.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పాడు. స్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు గనక చెంచులకి ఆయన ఇంటి అల్లుడట. అంటే మేం ఆ పూటంతా వాళ్ళ అల్లుడి ఇంట్లో తిరిగామన్నమాట! వియ్యాలవారింటికి వెళ్తే ఎంత ఒద్దికగా ఉంటాం? అక్కడ పెత్తనం చేస్తామా?

మీరూ నలుగురితో కలిసి కొండకో, అడవికో వెళ్తే ఇవి గుర్తుంచుకోండి:

దారి చూపించే మనిషిని వరసపెట్టి, మర్యాదగా పిలవండి. డబ్బులెంతో ముందే మాట్లాడుకుని, దిగాక బేరమాడకండి.

పక్కకి వెళ్ళాలంటే తోటి ఆడమనిషికైనా చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇద్దరిద్దరు జతగా ఉంటే ఇంకా మేలు.

నెమ్మదిగా నడిచేవాళ్ళని విసుక్కోకండి. అందరూ వాళ్ళ నడకే నడవాలి.

వెనక్కి పదమంటే వాదించకండి. ఫోటో కోసం జారుడు బండలెక్కకండి.

తెచ్చిన కవర్లు, సీసాలు తిరిగి సంచిలోనే తెచ్చుకోండి. కోతులకి ఏమీ పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, తప్పు మనదైతే ఆ క్షణమే ఒప్పుకోవడం. నేను రెండు గంటలు ఆలస్యం చేశాను. ఆ రెండు గంటలూ ఆయన మాటపడుతూనే నా చెయ్యి పట్టుకుని వాగు దాటించాడు.

వచ్చే కార్తీకానికి మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. ఆ కోడళ్ళిద్దరికీ ఉగ్రస్తంభం బాకీ ఉన్నాను కదా!